కుట్టుపెట్టె: బొంతల గురించి పాఠకులు అడిగినవి

బతుకమ్మ పండుగ ముగిసి, తెల్లవారుజామున ఫ్యాను కట్టేసి దుప్పటి లాక్కునే రోజులు రాగానే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. వేసవిలో జాకెట్టు మెడల గురించీ, పిల్లల గౌన్ల గురించీ అడిగినవారే ఇప్పుడు బీరువా అడుగున మడతపెట్టి దాచిన పాతచీరలను బయటికి తీసి, బొంతల గురించి అడుగుతున్నారు. ఈ నెల అందిన ఉత్తరాల్లో తొమ్మిదింటికి ఇక్కడ జవాబిస్తున్నాను. ఒకే సంగతిని నలుగురైదుగురు అడిగిన చోట ఒక ఉత్తరాన్నే తీసుకున్నాను కనుక మిగిలినవారు తమ జవాబును అందులోనే చూసుకోవలసిందిగా మనవి.

ప్రశ్న: మా అమ్మ పోయి ఏడాది కావస్తోంది. ఆమె కట్టిన చీరలు పదకొండు నా దగ్గర ఉన్నాయి. వాటిలో పోచంపల్లివి నాలుగు, నారాయణపేటవి రెండు, మిగిలినవి ఇంట్లో కట్టుకున్నవి; అవి నూలువో పాలిస్టరువో నాకు తెలియదు. అన్నింటినీ కలిపి నా కూతురికి ఒక పెద్ద బొంత కుట్టి ఇవ్వాలని ఉంది. కలపవచ్చునా? ఎన్ని చీరలు పడతాయి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ముందుగా కత్తెరను పక్కన పెట్టండి. పదకొండు చీరలనూ ఒక్కొక్కటిగా కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. కుచ్చిళ్లు దోపుకున్న చోట, పాదాలకు తగిలే అంచు వెంట బట్ట ముందుగా పలుచబడుతుంది. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్లను రెండంగుళాల ఎడంతో ఉంచి మెల్లగా లాగండి. పోగులు విడిపోయి సందు కనిపించినా, సన్నగా చిట్లిన చప్పుడు వినిపించినా ఆ భాగం పైవరుసకు పనికిరాదు. అంతమాత్రాన పారవేయనక్కర లేదు; మధ్య వరుసలో పడుకోబెడితే అది మరో పదేళ్లు హాయిగా ఉంటుంది. పైన రాపిడికి తట్టుకోలేని బట్ట లోపల వెచ్చదనానికి ఎంతో బాగా పనికివస్తుంది.

ఇక నూలా, పాలిస్టరా అన్నది తేల్చడానికి చీర చివరనుంచి నాలుగు పోగులు లాగి, పట్టకారుతో పట్టుకొని, నీళ్ల గిన్నె పక్కన పెట్టుకొని అగ్గిపుల్ల అంటించండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి, ముట్టుకుంటే రాలిపోయే బూడిద మిగులుతుంది. పాలిస్టరు అయితే ముడుచుకొని, కరిగి, చల్లారాక గట్టి పూసలా తయారవుతుంది. రెండు లక్షణాలూ కనిపిస్తే అది మిశ్రమం. వీటిని ఒకే బొంతలో కలపవద్దని నా సలహా. ఉతికినప్పుడు నూలు కుదించుకుంటుంది, పాలిస్టరు కుదించుకోదు. రెండు మూడు ఉతుకుల తరువాత పాలిస్టరు ముక్కలు వదులై ఉబ్బి నిలబడతాయి. పైగా నూలుకు సరిపడే ఇస్త్రీ వేడికి అవి మెరుపెక్కి, ఆపైన కరుగుతాయి. ఒకసారి నేనూ మోసపోయాను. ఒక దుకాణంలో అచ్చమైన కాటన్ అని చెప్పి అమ్మిన ముక్కలను నమ్మి సగం బొంత అతికాక, ఇస్త్రీపెట్టె అడుగున గోధుమరంగు జిగురు పట్టేదాకా సంగతి తెలియలేదు. అప్పటినుంచి ఎవరి మాటా వినకుండా అగ్గిపుల్లనే అడుగుతున్నాను.

తరువాత రంగు పరీక్ష. ఎరుపు, ముదురు నీలం, నల్ల చీరల మూలను తడిపి, తెల్లగుడ్డ మధ్య పెట్టి, పైన వేడి ఇస్త్రీ అద్దండి. తెల్లగుడ్డకు మరక అంటితే ఆ చీరను విడిగా పలుమార్లు ఉతికి మళ్లీ చూడండి. అప్పటికీ వదులుతుంటే పక్కన పెట్టండి. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని మన ఇళ్లలో ఒక నమ్మకం ఉంది. రంగు అద్దేటప్పుడు ఉప్పు ఉపయోగపడుతుంది గాని, అద్దిన తరువాత ఊడివస్తున్న రంగును అది పట్టి ఆపలేదు.

లెక్కకు వద్దాం. చీర పొడవు అయిదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. వెడల్పు సుమారు 45 అంగుళాలు. 90 అంగుళాల చొప్పున రెండు ముక్కలు కోసి పక్కపక్కన కలిపితే, కుట్టుకు పోయేది పోగా, ఇద్దరు పడుకునే మంచానికి సరిపడే ఒక వరుస ఒక్క చీరలోనే వస్తుంది. పైన 36 అంగుళాల కొంగు మిగులుతుంది. మూడు వరుసలకు మూడు చీరలు, బరువైన బొంత కావాలంటే నాలుగు. అయితే ఒక వరుసలో అతుకు నిలువుగా వస్తే, దాని పైవరుసను తిప్పి అతుకు అడ్డంగా వచ్చేలా పరచండి. అతుకులన్నీ ఒకదానిమీద ఒకటి పడితే నడుమ కర్ర పెట్టినట్టుగా ఒక గట్టి గీత తయారవుతుంది.

పోచంపల్లి చీరలను చిన్న ముక్కలుగా కోయకండి. ఆ నేతలో నూలునే ముందుగా కట్టి, రంగుల్లో ముంచి, ఆ తరువాత నేస్తారు కనుక పూవు అంచులు కాస్త చెదిరినట్టుగా ఉంటాయి. నాలుగంగుళాల ముక్కలో ఆ చెదురు మాత్రమే మిగిలి పూవు కనిపించకుండా పోతుంది. ఎనిమిదంగుళాలకు తగ్గకుండా కోయండి. నారాయణపేట అంచులను చుట్టూ పట్టీలుగా వాడితే నిండుగా ఉంటాయి గాని, జరీ ఉంటే తీసివేయండి, అది మెడ దగ్గర గీసుకుంటుంది. మీ అమ్మగారు అన్నింటికన్నా ఇష్టపడి కట్టిన చీర ఏదో మీకు తెలిసే ఉంటుంది. దాన్ని మాత్రం కోయకుండా మడతపెట్టి మీ దగ్గరే ఉంచుకోండి. ఇది కుట్టుపనికి సంబంధించిన సలహా కాదు, అయినా చెప్పాలనిపించింది.

వరుసలన్నీ పరిచాక నడుమనుంచి అంచులవైపు, జానెడు దూరంలో పొడవాటి టాకాలు వేయాలి. ఈ పనిని ఊడ్చి తుడిచిన గచ్చుమీదే చేయండి. నా మొదటి బొంతకు మోకాళ్లు నొస్తాయని వరంగల్ కొత్తవాడ జంపఖానా పరుచుకొని దానిమీద టాకాలు వేశాను. సాయంత్రం బొంతను లేపబోతే జంపఖానా కూడా లేచింది.

ప్రశ్న: నాలుగున్నర అంగుళాల చదరాలు కోసి, పావు అంగుళం మార్జిన్‌తో వరుసకు పదిహేను చొప్పున మిషన్ మీద అతికాను. వరుస అరవైన్నర అంగుళాలు రావాలి. నాకు యాభై ఎనిమిది ముప్పావు మాత్రమే వచ్చింది. కోత సరిగానే ఉందని రెండుసార్లు కొలిచాను. తప్పు ఎక్కడ ఉన్నట్టు?
– ఒక పాఠకురాలు, కాజీపేట

జవాబు: మీ ఉత్తరంలోనే జవాబు దాగి ఉంది. తగ్గింది ఒకటి ముప్పావు అంగుళాలు. పదిహేను చదరాలకు కుట్లు పద్నాలుగు. ఒకటి ముప్పావును పద్నాలుగుతో భాగిస్తే కుట్టుకు అంగుళంలో ఎనిమిదో వంతు పోయినట్టు. ఆ కుట్టులో రెండు ముక్కలు ఉన్నాయి కనుక ఒక్కొక్క ముక్కనుంచి పదహారో వంతు, అంటే ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు, అదనంగా లోపలికి వెళ్లింది. కంటికి ఆనని ఆ తేడా పద్నాలుగు సార్లు పోగుపడి అంత అయింది. మీ కోతలో దోషం లేదు. బట్టను నొక్కిపట్టే మిషన్ ఫుట్టు అంచు సూదికి సరిగ్గా పావు అంగుళం దూరంలో ఉందని మీరు నమ్మారు. చాలా మిషన్లకు అది ఉండదు.

మిషన్‌ను ఇలా పరీక్షించండి. ఒకటిన్నర అంగుళాల వెడల్పుతో, ఆరంగుళాల పొడవుతో మూడు పట్టీలు కోసి, పక్కపక్కన అతికి, ఇస్త్రీ చేసి, నడిమి పట్టీని కొలవండి. అది సరిగ్గా ఒక అంగుళం ఉండాలి. తక్కువగా ఉంటే మార్జిన్ ఎక్కువ పోతోందన్నమాట. సరిపోయేదాకా బట్ట అంచును కొంచెం కొంచెంగా అటూ ఇటూ జరిపి కుట్టి చూసి, సరైన దూరం దొరికాక ఆ గీత వెంట మిషన్ పలకమీద మందపాటి అట్టముక్కను టేపుతో అంటించండి. బట్ట అంచు ఆ అట్టకు ఒరుసుకుంటూ నడిస్తే చాలు, కళ్లతో పనిలేదు. సరైన దూరం పావు అంగుళానికి ఒక పోగు తక్కువగానే ఉంటుంది, ఎందుకంటే కుట్టును మడిచినప్పుడు ఆ మడత మందానికి ఒకటి రెండు పోగుల బట్ట ఖర్చవుతుంది.

ఇంకొక మాట. ఇస్త్రీని అతుకు మీద రుద్దకండి, ఎత్తి అద్దండి. రుద్దితే చదరం సాగి పలకబారుతుంది. ఒక వరుసలో అతుకులను కుడివైపుకు మడిస్తే దాని కింది వరుసలో ఎడమకు మడవండి; రెండు వరుసలు కలిసే చోట ఆ మడతలు ఒకదానికొకటి ఆనుకొని, మూలలు వాటంతట అవే కూర్చుంటాయి. ఇప్పటికే కుట్టిన వరుసలను విప్పవద్దు. అన్ని వరుసలూ ఒకే మిషన్ మీద, ఒకే చేత్తో కుట్టారు కనుక అన్నీ ఒకే కొలతకు తగ్గి ఉంటాయి. చుట్టూ వేసే అంచుపట్టీలను ఒక్కొక్క వైపు అనుకున్నదానికన్నా అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతులు ఎక్కువ వెడల్పుగా కోసుకుంటే ఆ లోటు తీరిపోతుంది.

ప్రశ్న: 60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు ఉన్న బొంతకు చివర చుట్టి కుట్టే గోటుపట్టీకి ఎంత బట్ట కొనాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: చుట్టుకొలత 300 అంగుళాలు, మూలలు తిప్పడానికి, చివరలు కలపడానికి 12 కలిపితే 312. 44 అంగుళాల పన్నా బట్టలో అంచులు పోగా 42 వాడుకోవచ్చు కనుక ఎనిమిది పట్టీలు కావాలి. రెండున్నర అంగుళాల వెడల్పుతో ఎనిమిది పట్టీలంటే 20 అంగుళాలు. అరమీటరు కొంటే వెంట్రుకవాసి తక్కువ పడుతుంది. అరవై సెంటీమీటర్లు కొనండి.

ప్రశ్న: మాకు ఎకరంన్నర పత్తి ఉంది. మార్కెట్‌కు వేసేది వేయగా ఇంట్లో కొంత మిగుల్చుకున్నాం. ఆ పత్తినే బొంతలో నింపుకోవచ్చునా? మా అత్తమ్మ బూరుగు దూది మెత్తగా ఉంటుందని అంటోంది.
– ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో తూకానికి పోయే పత్తి గింజతో కూడినది. దాన్ని జిన్నింగు పట్టించి గింజ తీయించాలి; మూడు కిలోల పత్తికి సుమారు ఒక కిలో దూది వస్తుంది. ఆ దూదిని అలాగే నింపితే నెల తిరగకముందే ఉండలు కట్టి మూలలకు చేరుతుంది. ఏకించాలి. వెనుకటి రోజుల్లో దూదేకులవారు భుజాన విల్లు వేసుకొని, నారి మోగించుకుంటూ వీధిలోకి వచ్చేవారు. ఆ చప్పుడుకు పిల్లలం పరుగెత్తి, గాలిలో ఎగిరే దూదిని పట్టుకొని తిట్లు తినేవాళ్లం. ఇప్పుడు పరుపులు కుట్టే దుకాణాల్లో మిషన్ మీద ఏకి ఇస్తున్నారు.

బూరుగు దూది విషయంలో మీ అత్తమ్మ చెప్పింది దిండ్లకు నిజం, బొంతకు కాదు. బూరుగు పోగు నున్నగా, మైనం పూసినట్టుగా ఉంటుంది. ఒక పోగు మరో పోగును పట్టుకోదు. దిండులో నిండుగా కూరినప్పుడు ఇది తెలియదు గాని, బొంతలో పలుచగా పరిస్తే ఒక చోటికి జారిపోతుంది.

ఒక్కరు కప్పుకునే బొంతకు మన చలికి కిలో దూది దాటనక్కర లేదు. పలుచని పాతచీరతో గలీబు కుట్టి, అందులో దూదిని సమంగా పరిచి, నాలుగు వేళ్ల దూరంలో నిలువుగానూ అడ్డంగానూ కుట్టు వేయండి. గడి పెద్దదైతే దూది కదులుతుంది. దీన్ని ఉతకకూడదు. అందుకని పైన విప్పి ఉతుక్కునే కవరు ఒకటి విడిగా కుట్టుకొని, లోపలి దానిని ఎండలో వేస్తూ ఉండండి. నాలుగైదేళ్లకు దూది గట్టిపడినప్పుడు విప్పి మళ్లీ ఏకిస్తే కొత్తదవుతుంది. ఉతికే వీలున్న బొంత కావాలంటే దూదిని మరచిపోయి, పైన హనుమకొండ పాఠకురాలికి చెప్పినట్టు చీరల వరుసలే వేసుకోండి.

ప్రశ్న: నేను డిగ్రీ చదువుతున్నాను. కుట్టుబొంతల మీద ఒక ప్రాజెక్టు రాస్తానంటే, అది విదేశీ కళ కదా అని మా తరగతిలో ఒకరన్నారు. మన బొంతను కళగా చెప్పుకోవచ్చునా?
– ఒక విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ తరగతిలోని ఆ మిత్రుడి ఇంట్లోనూ ఎక్కడో అటకమీద ఒక బొంత ఉండే ఉంటుంది. సంస్కృతంలోని ‘కంథ’ అన్న మాటకు తెలుగు అర్థం బొంత. అదే మాట బెంగాలీలో కాంథా అయింది. పాతచీరలను వరుసలుగా పరిచి, చీర అంచుల్లోంచి లాగిన రంగుదారాలతోనే పూలూ చేపలూ కుట్టడం అక్కడి పద్ధతి. బిహారులో సుజనీ, మహారాష్ట్రలో గోధడీ, సింధులోనూ రాజస్థాన్‌లోనూ రల్లీ, అన్నీ ఈ కుటుంబానికే చెందుతాయి. ఉత్తర కన్నడ అడవుల్లో నివసించే సిద్దీ స్త్రీలు కుట్టే కవందిని ప్రత్యేకంగా చూడండి. వాళ్లు ముందుగా పైభాగాన్ని అతికి పెట్టుకోరు. ఒక అంచున మొదలుపెట్టి, ముక్కలను ఒకదాని పక్కన ఒకటి చేరుస్తూ, చుట్టూ తిరుగుతూ లోపలికి కుట్టుకుంటూ వచ్చి నడుమన ముగిస్తారు. నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలను కుట్టి వాటిని పూలు అంటారు. ఆ పూలు లేని బొంత పూర్తి కానట్టే వారికి.

విదేశాల మాట వచ్చింది కనుక అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లెను తలచుకోవాలి. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలం పనికి తొడిగి చిరిగిన ప్యాంట్లనూ, చొక్కాలనూ కోసి, చలికి తట్టుకోవడానికి కుట్టుకున్న బొంతలను 2002లో హ్యూస్టన్ నగరపు కళామ్యూజియం గోడలకు వేలాడదీసింది. 2006లో ఆ దేశపు తపాలాశాఖ వాటి బొమ్మలతో స్టాంపులు విడుదల చేసింది. అంటే అక్కడా అది మొదట ఇల్లు గడుపుకునే పనే, మనలాగే.

మన దగ్గర లోపించింది బొంత కాదు, దానిమీద గౌరవం. వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. బొంతకు మాత్రం ‘గంతకు తగ్గ బొంత’ అన్న సామెతా, నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే పత్రికలు వాడే ‘అతుకుల బొంత’ అన్న మాటా దక్కాయి. సరిగా అతికిన బొంత ఏ ప్రభుత్వం కన్నా ఎక్కువ కాలమే ఉంటుందని ఆ రాసేవారికి ఎవరైనా చెప్పాలి. మీ ప్రాజెక్టుకు ఒక సలహా: పుస్తకాలకన్నా ముందు మీ ఊళ్లో పది ఇళ్లకు వెళ్లి పది బొంతలను తిరగేసి చూడండి. కుట్టు అంగుళానికి ఎన్ని వస్తున్నాయి, ఎన్ని వరుసలు ఉన్నాయి, మూలను ఎలా మడిచారు, కుట్టినవారు ఎవరు, ఎవరి కోసం కుట్టారు అని రాసుకోండి. ఆ పది పేజీలు ఇంకెవరి దగ్గరా దొరకవు.

ప్రశ్న: మేము పన్నెండుమందిమి నెలకొకసారి ఒకరి ఇంట్లో చేరి కుట్టుకుంటాం. ఒక్కొక్క నెల ఒకరి కోసం మిగిలిన పదకొండుమందీ తలా ఒక బ్లాకు, అంటే ముక్కలు అతికిన ఒక చదరం, కుట్టి ఇవ్వాలని అనుకున్నాం. ఈసారి నా వంతు. వచ్చిన బ్లాకులు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకామె కుట్టు మరీ వదులుగా ఉంది. ఆమె పెద్దావిడ, చెబితే నొచ్చుకుంటుంది. విప్పి నేనే కుట్టుకుంటే తెలిసిపోతుంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, వరంగల్

జవాబు: ముందు ఒక అనుమానం. మీరు కొలతను ఎలా చెప్పారు? మా బృందంలో నా వంతు వచ్చినప్పుడు ‘12 అంగుళాల బ్లాకు’ అని మాత్రం చీటీ రాసి పంచాను. సగంమంది పన్నెండు అంటే అతికాక మిగిలే కొలత అనుకొని పన్నెండున్నరకు కుట్టారు, సగంమంది చివరి కొలతే అనుకొని పన్నెండుకు కుట్టారు. అందరూ చెప్పినట్టే చేశారు, తప్పు నాది. ఇప్పుడైతే చీటీమీద ‘కుట్టి తెచ్చేటప్పటికి పన్నెండున్నర’ అని రాసి, దానికి ఆ కొలతకు కోసిన అట్టను కూడా జత చేస్తున్నాను. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ స్మారక బొంత సంగతి చూడండి. పోయిన తమవారి కోసం ఒకరినొకరు ఎరుగని మనుషులు కుట్టి పంపిన 1,920 పలకలు ఒకేచోట అమరాయంటే, ప్రతి పలకా మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు ఉండాలన్న ఒక్క నియమం వల్లనే. లోపల ఎవరి ఇష్టం వారిది.

ఇక ఉన్న బ్లాకులను సరిచేయడానికి, అన్నింటికన్నా చిన్నదానిని కొలిచి, పెద్దవాటిని దానికి కోసేయాలని తొందరపడకండి, బ్లాకులోని నమూనా మొనలు తెగిపోతాయి. అన్నింటికీ చుట్టూ రెండంగుళాల పట్టీ ఒకే రంగులో అతికి, ఆ పట్టీని మాత్రం ఒకే కొలతకు కోయండి. చిన్న బ్లాకుకు పట్టీ కాస్త వెడల్పుగా, పెద్దదానికి సన్నగా మిగులుతుంది, అంతే. పెద్దావిడ బ్లాకును విప్పకండి. వెనుక వైపు పలుచని మల్లుగుడ్డ పెట్టి, ఆమె కుట్టు పక్కనే అంగుళంలో పదహారో వంతు లోపలగా మరో కుట్టు వేస్తే అది గట్టిపడుతుంది, పైకి ఏమీ కనిపించదు. అయినా మీరు నాకు రాసినంత మర్యాదగా ఆమెకే చెప్పి చూడండి. మా బృందంలో ఒక పెద్దావిడకు ఇలాగే చెప్పడానికి ఏడాది జంకాం; తీరా చెబితే సూది కన్నం కనిపించడం లేదనీ, దారం ఎక్కించి పెట్టేవారుంటే బాగుండుననీ అన్నారు. ఇప్పుడు ఆవిడ రాగానే ఎవరో ఒకరు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పెడుతున్నారు.

ప్రశ్న: నేను కుట్టిన బొంతలు చూసి బంధువులు తమకూ కావాలంటున్నారు. పసిపాప బొంతకు అయిదు వందలిస్తామంటున్నారు. పాతబట్టలే కదా, అందులో ఖర్చేముందని వారి మాట. ఎంత అడగాలి?
– ఒక పాఠకురాలు, సిద్దిపేట

జవాబు: ఎంత అడగాలో చెప్పే ముందు, మీరు ఎంతసేపు కుట్టారో రాసుకున్నారా? నా లెక్కపుస్తకంలో 36 అంగుళాల వెడల్పు, 45 అంగుళాల పొడవు ఉన్న ఒక పాప బొంతకు ఇలా ఉంది: ముక్కలు కోయడం 3 గంటలు, అతకడం 9, ఇస్త్రీ 2, టాకాలు 2, చేతికుట్టు 21, గోటు 4. మొత్తం 41 గంటలు. దారం, లోపలి దూది పక్కన పెట్టినా, అయిదు వందలంటే గంటకు పన్నెండు రూపాయలు. ఈ కాగితాన్ని మీ బంధువులకు చూపించండి, వాదన అక్కరలేదు.

అమ్మకానికైతే చేతికుట్టు మానేయండి. మిషన్‌తో వేస్తే ఆ 21 గంటలు మూడు నాలుగుకు దిగుతాయి, ధర ఇచ్చేవారికీ అందుబాటులో ఉంటుంది. చేతికుట్టు బొంతను అమ్మకండి; ఇవ్వదలచినవారికి ఊరికే ఇవ్వండి. సగం ధరకు ఇస్తే ఇచ్చిన తృప్తీ ఉండదు, అమ్మిన డబ్బూ ఉండదు. దుకాణంలో పెట్టి, అమ్ముడుపోతేనే డబ్బు అన్న ఒప్పందానికి వెళ్లేటప్పుడు కాగితం రాయించుకోండి. నేను నోటిమాట మీద ఒకచోట ఆరు బొంతలు పెట్టాను. అయిదు తిరిగివచ్చాయి, బట్టమీద ధర చీటీలు జిగురుతో అంటించి. ఆరోది ఏమైందో వారికీ గుర్తు లేదట.

ప్రశ్న: బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో కాలితో తొక్కే మిషన్ ఉంది. మా ఆవిడను చూసి నాకూ బొంత కుట్టాలని ఉంది, నవ్వుతారేమోనని ఆగుతున్నాను. మందం బట్టమీద కుట్టు మధ్యమధ్య తప్పుతోంది, సూది విరుగుతోంది.
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: ఊళ్లో దర్జీలందరూ మగవారే, కొత్తవాడ మగ్గాల మీద కూర్చునేదీ ఎక్కువగా మగవారే, నవ్వేవారిని ముందు అక్కడికి పంపండి. కుట్టు తప్పడానికి సూది కారణం. జాకెట్లకు వాడే సన్నసూదిని తీసి 16 నంబరు సూది వేయండి, ఎనిమిది గంటల కుట్టుకొకసారి మార్చండి, బట్టను వెనుకనుంచి లాగకండి. లాగితే సూది వంగి కిందిపలకకు తగిలి విరుగుతుంది. పైవరుస ముందుకు జరిగి ముడతలు పడుతుంటే ఫుట్టు ఒత్తిడి మరను పైన ఒక చుట్టు వదులు చేయండి.

ప్రశ్న: మా అత్తమ్మ కుడుతూ కుడుతూ సగంలో వదిలేసిన బొంత ఒకటి ఆమె పోయిన మూడేళ్లకు పెట్టెలో దొరికింది. సూది ఇంకా గుచ్చే ఉంది. కింది వరుస ఆజంజాహి మిల్లు బట్ట అని ఆమె చెబుతుండేది. ఆమె కుట్లు పెద్దవి, వంకరగా ఉన్నాయి. మొత్తం విప్పి సన్నగా మళ్లీ కుట్టాలా, లేక అక్కడినుంచి కొనసాగించాలా?
– ఒక కోడలు, జనగామ

జవాబు: విప్పవద్దు. అభిమానం కోసం మాత్రమే చెప్పడం లేదు. వరంగల్‌లో 1934లో మొదలైన ఆ మిల్లు మూతబడి ఎన్నో ఏళ్లయింది; ఆ బట్టకు మీ వయసు ఉండవచ్చు. కుట్టు విప్పినప్పుడల్లా సూది చేసిన పాత రంధ్రం మిగులుతుంది, దాని పక్కనే కొత్త రంధ్రం పడుతుంది. అంగుళానికి పది చొప్పున సన్నగా కుడితే ఆ బట్ట చిల్లుల కాగితంలా ఆ గీత వెంటే చిరిగిపోతుంది. పాతబట్టకు మీ అత్తమ్మగారి పెద్దకుట్టే మేలు. ఆమె కుట్లు అంగుళానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మీరూ అన్నే వేయండి. ఆమె దారాన్ని మాత్రం అక్కడక్కడ గోరుతో లేపి చూడండి. తెగుతున్న చోట, విప్పకుండా, అదే వరుస మీద ఆమె వదిలిన సందుల్లో మీ దారం నడపండి. వంకరలను సరిచేయకండి. ఆమె గీత ఎటు వంగితే అటే ఒక చేతివేలు ఎడంతో మీ గీతను నడిపిస్తే, రెండు మూడు వరుసలకు అది అలా ఉండాలనే కుట్టినట్టు కనిపిస్తుంది.

ఆ సూదిని లాగేటప్పుడు జాగ్రత్త. మూడేళ్లు పెట్టెలో ఉన్నది తుప్పు పట్టి బట్టను అంటుకొని ఉంటుంది. అటూ ఇటూ తిప్పితే పోగులు తెగుతాయి. ముందు ఒక చుక్క కొబ్బరినూనె వేసి, రాత్రంతా వదిలి, తెల్లారి గుచ్చిన దిక్కునే మెల్లగా ముందుకు తీయండి. నూనెను సబ్బునీటితో కడిగి, మిగిలిన తుప్పు మరకమీద నిమ్మరసం, ఉప్పు వేసి ఎండలో పెట్టి, ఆరేలోపే నీళ్లతో పిండండి. ఇది తెల్లబట్టకే. మరక రంగు ముక్కమీద ఉంటే, నిమ్మరసానికి రంగు పోతుందో లేదో లోపలి మార్జిన్ మీద ఒక చుక్క వేసి చూసి, పోయేట్టయితే మరకను అలాగే ఉండనివ్వండి.